పొయ్యి పేరు మోసే రొట్టె

మాటల పుట్టుక వెదకడం తెలుగు చెప్పేవాని వృత్తిధర్మం. ఆ వెదకులాటలో ఒకనాడు నేను ఇటలీ దేశపు వంటింట్లో అడుగుపెట్టవలసి వచ్చింది. అక్కడి జెనోవా నగరవాసులు ఉదయం పాలు కలిపిన కాఫీలో ముంచుకొని తినే రొట్టె ఒకటి ఉన్నది. దాని పేరు ఫొకాచ్చా. లాటిన్ భాషలో ‘ఫోకుస్’ అంటే పొయ్యి, అనగా ఇంట నిప్పు నిలిచే చోటు. ఆ పొయ్యిలో కాలినది కాబట్టి రొట్టెకు ఆ పేరు వచ్చింది. 1604లో వెలువడిన కాంతిశాస్త్ర గ్రంథంలో కెప్లర్ పండితుడు దీర్ఘవృత్తం మొదలైన వక్రాల నాభిబిందువుకు ఈ మాటనే పేరుగా పెట్టాడు. గణితపాఠంలోని నాభి, జెనోవావారి రొట్టె, రెండూ ఒకే పొయ్యి బిడ్డలన్నమాట.

ఈ రొట్టెను ఇప్పుడు మన పట్టణాలలోనూ కొందరు ఇంట కాల్చుకుంటున్నారు. ఇది వట్టి పరదేశపు మోజని వెక్కిరించేవారితో నేను ఏకీభవించను. మంచి రుచికి సరిహద్దులు పెట్టడం తగదు. అయితే చేసేవారిలో పలువురు దీనిని గంటలో ముగించాలని చూడడం మాత్రం నాకు నచ్చదు. ఈ రొట్టెకు కావలసిన సంభారాలలో మొదటిది కాలం అని నా అభిప్రాయం.

నేనూ మొదట ఆ తొందరే పడ్డాను. ఈస్టు రెట్టింపు వేశాను. పిండి గంటలోనే పొంగింది. కాలిన రొట్టె చూడముచ్చటగా ఉన్నది. నోట పెట్టుకుంటే ఈస్టు వాసన తప్ప గోధుమ రుచి లేదు. మరునాటికి అది అట్టముక్కలా ఎండిపోయింది.

తరువాత పద్ధతి మార్చాను. అరకిలో మైదాకు 375 గ్రాముల నీరు, 10 గ్రాముల ఉప్పు, 2 గ్రాముల పొడి ఈస్టు, కొద్దిగా ఆలివ్ నూనె చేర్చి గరిటెతో కలిపి, మూతపెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను. ఎక్కువగా మర్దించే పని లేదు. నీరు తగిలిన గోధుమలోని మాంసకృత్తులు తమంతట తామే పెనవేసుకొని సాగే వలగా మారుతాయి. ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొడతాయి. ఈస్టు ఆ చక్కెరను తిని బొగ్గుపులుసు వాయువును విడుస్తుంది. వల ఆ వాయువును పట్టి ఉంచుతుంది. చల్లదనంలో ఈస్టు నెమ్మదిస్తుంది. ఆ వ్యవధిలోనే రుచి, పరిమళం కుదురుకుంటాయి.

మరునాడు నూనె పూసిన పళ్లెంలో పిండిని పరచి, మళ్లీ పొంగనిచ్చి, వేళ్లతో అడుగుదాకా గుంటలు నొక్కాలి. జెనోవావారు ఆ గుంటలలో ఉప్పునీరు, ఆలివ్ నూనె కలిపి పోస్తారు. ఓవెన్‌లో 220 డిగ్రీల వేడికి 20, 25 నిమిషాలు కాలితే పైన కరకరలాడుతూ, లోపల మెత్తగా, గుంట గుంటకూ ఉప్పదనంతో రొట్టె సిద్ధమవుతుంది.

“ఒక రొట్టె కోసం రాత్రింబవళ్లు కాచుకోవాలా? అంగట్లో కొనుక్కోరాదా?” అని మిత్రులు అడుగుతారు. లెక్క సరిగా వేయాలి. అందులో మన చేతిపని అరగంటకు మించదు. తక్కినదంతా పిండి పని. మనం నిద్రించే వేళ అది పనిచేస్తుంది. రాత్రి దోసెపిండి రుబ్బి పొద్దుటిదాకా ఆగిన ఇళ్లకు ఈ విద్య కొత్తది కాదు.

“ఇంటిపనీ ఉద్యోగమూ రెండూ మోసే స్త్రీల నెత్తిన ఇంకొక పని పెడుతున్నారా?” అని ఒక అధ్యాపకురాలు నన్ను నిలదీశారు. ఆ ప్రశ్న న్యాయమైనది. పురుషులు ఈ పనికి పూనుకోవాలన్నదే దానికి నా సమాధానం. మా ఇంట పిండి కలిపేదీ, పళ్లేలు తోమేదీ నేనే.

ఇక సాటి ఉపాధ్యాయులకు ఒక మనవి. ఓవెన్ లేకున్నా ఈ పాఠం చెప్పవచ్చు. ఉదయం మొదటి పీరియడులో చిటికెడు ఈస్టు కలిపిన పిండిముద్దను గాజుగ్లాసులో ఉంచి, పైన పళ్లెం మూసి, ముద్ద ఎంతవరకున్నదో గీత గీయించండి. గంటగంటకు పిల్లలే కొలుస్తారు. ఎందుకు పొంగిందని వారే అడుగుతారు. జవాబు వెంటనే చెప్పకండి. ఆ ప్రశ్నను కూడా ఒక రాత్రి పొంగనివ్వండి.