లీట్రిమ్‌లో ఏముంది అని అడిగేవాళ్లకి...

ఐర్లండ్‌లో చదువుకుంటున్న మనవాళ్ల ఇన్‌స్టా ఒకసారి చూడండి. డబ్లిన్‌లో టెంపుల్ బార్ ముందు ఒక ఫొటో, క్లిఫ్స్ ఆఫ్ మొహర్ అంచున ఒక రీల్, గాల్వే వీధిలో గిటార్ వాయించేవాడి వీడియో. అంతే, ఐర్లండ్ చుట్టేసినట్టే! ఈ వారం మనం వెళ్తున్న చోటు ఆ లిస్టులో కనిపించదు. దాని పేరు లీట్రిమ్.

అక్కడ కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఐర్లండ్ రిపబ్లిక్‌లోని 26 కౌంటీల్లో అతి తక్కువ జనం ఉన్నది ఇక్కడే. 2022 జనాభా లెక్కల్లో తేలింది 35,199 మంది. మన దగ్గర చిన్న మునిసిపాలిటీలో ఉండేంత జనం జిల్లా మొత్తంలో ఉన్నారన్నమాట. సముద్ర తీరం ఉంది కానీ, అదీ పట్టుమని నాలుగు కిలోమీటర్లే. వాన మాత్రం ఫుల్లు. ఇక్కడ భూమిని ఎకరాల్లెక్కన కాదు, గ్యాలన్ల లెక్కన అమ్ముతారని ఐరిష్‌వాళ్లే జోకులేసుకుంటారు.

మరి ఎందుకెళ్లాలి? చెప్తాను.

నీళ్లే దారి

డబ్లిన్‌లోని కానలీ స్టేషన్‌లో స్లైగో రైలెక్కితే రెండు గంటల పైచిలుకులో క్యారిక్-ఆన్-షానన్ వచ్చేస్తుంది. జిల్లా కేంద్రం ఇదే. తమాషా ఏంటంటే స్టేషన్ ఉన్నది పక్క కౌంటీ రాస్‌కామన్‌లో! షానన్ నది మీది వంతెన దాటి నాలుగడుగులు వేస్తేనే లీట్రిమ్‌లో కాలుపెట్టినట్టు.

ఊళ్లో మెయిన్ రోడ్డు పక్కనే కాస్టెల్లో చాపెల్ ఉంది. చనిపోయిన భార్య కోసం ఒక వ్యాపారి 1870ల్లో కట్టించిన ప్రార్థనా మందిరం ఇది. లోపల పదిమంది నిలబడితే కిక్కిరిసిపోతుంది. తాజ్‌మహల్‌ని అగ్గిపెట్టెలో పెట్టినట్టుంటుంది.

అక్కడి నుంచి ఉత్తరంగా వెళ్తే డ్రమ్‌షాన్‌బో. ఏకర్స్ లేక్ నీళ్ల మీద తేలుతూ సుమారు 600 మీటర్ల చెక్క నడక దారి ఉంది. దాని మీంచి లీట్రిమ్ విలేజ్ వైపు కాలవ గట్టునే నడవొచ్చు, సైకిల్ తొక్కొచ్చు. జూన్‌లో వెళ్తే రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుతురు ఉంటుంది. డిసెంబర్లో అయితే సాయంత్రం నాలుగున్నరకే చీకటి, కాబట్టి నెల చూసుకుని ప్లాన్ చేసుకోండి.

ఉత్తరం కొసన గ్లెన్‌కార్ జలపాతం. ఎత్తు దాదాపు 15 మీటర్లే, మన కుంతాల ముందు పిల్లకాలువ అనిపించొచ్చు. కానీ డబ్ల్యూ.బి. యేట్స్ తన కవితలో దీని పేరు పెట్టి శాశ్వతం చేసేశాడు. 1912లో ఠాగూర్ ఇంగ్లిష్ గీతాంజలికి ముందుమాట రాసిందీ ఆ యేట్సే.

డాన్సు హాలు కట్టినందుకు దేశ బహిష్కారం

క్యారిక్‌కి దగ్గర్లో ఎఫ్రినా అనే పల్లె ఉంది. జిమ్మీ గ్రాల్టన్ ఊరది. అమెరికా వెళ్లి తిరిగొచ్చిన జిమ్మీ, 1920ల మొదట్లో అక్కడ ఒక హాలు కట్టాడు. కుర్రాళ్లు, అమ్మాయిలు వచ్చి చదువుకునేవాళ్లు, డాన్సులు చేసేవాళ్లు, భూమి తగాదాల గురించి మాట్లాడుకునేవాళ్లు. అతనిది కమ్యూనిస్టు భావజాలం. చర్చి పెద్దలకి ఇదంతా మింగుడుపడలేదు. 1932 క్రిస్మస్ ముందు రాత్రి హాలు తగలబడిపోయింది. మరుసటి ఏడు ప్రభుత్వం విచారణ కూడా లేకుండా అతన్ని అమెరికాకి పంపించేసింది. సొంతగడ్డ మీద పుట్టినవాడు సొంత దేశానికి పరాయివాడైపోయాడు. 1945లో న్యూయార్క్‌లోనే చనిపోయాడు. 2016లో దేశాధ్యక్షుడు మైకేల్ డి. హిగ్గిన్స్ ఆ ఊరికి వచ్చి, జరిగింది తప్పని ఒప్పుకున్నారు. కెన్ లోచ్ తీసిన 'జిమ్మీస్ హాల్' (2014) ఈ కథే. వెళ్లేముందు చూసి వెళ్లండి, ఊరు వేరేలా కనిపిస్తుంది.

ఖాళీ అయిన ఊళ్లు

ఇక్కడి నిశ్శబ్దం రీల్‌లో బాగుంటుంది. కానీ ఆ నిశ్శబ్దానికీ ఒక లెక్క ఉంది. 1841లో ఈ కౌంటీలో దాదాపు లక్షా 55 వేల మంది ఉండేవాళ్లు. 1845లో బంగాళదుంపకి తెగులు పట్టింది. పేదవాడికి తిండి అంటే ఆ దుంపే. ఆకలికి చచ్చినవాళ్లు చావగా, మిగిలినవాళ్లలో చాలామంది ఓడలెక్కారు. కరువు పోయినా వలస ఆగలేదు. నీరు నిలిచే బరువు నేల, చిన్న కమతాలు. ఇంకెవరు ఉంటారు? 1996కి లెక్క 25,057కి పడిపోయింది. పొలాల మధ్య పైకప్పు లేని రాతిగోడలు కనిపిస్తే, 'వావ్, వింటేజ్' అనే ముందు ఒక్క క్షణం ఆగండి. అది ఒకరి వంటిల్లు.

పాలమూరు నుంచో, పలాస నుంచో వచ్చినవాళ్లకి ఈ బాధ విడమర్చి చెప్పక్కర్లేదు. తాళం వేసిన ఇళ్లు, పండక్కి మాత్రమే నిండే వీధులు మనకీ తెలుసు. మనకి సంక్రాంతి ఎలాగో వాళ్లకి క్రిస్మస్ అలాగ.

అయితే ఇక్కడ కథ కాస్త మలుపు తిరిగింది. 2016 నుంచి 2022 మధ్య జనాభా దాదాపు 10 శాతం పెరిగింది. డబ్లిన్ అద్దెలు కట్టలేనివాళ్లు, ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ఇటువైపు చూస్తున్నారు. ఇంకోపక్క, పాత పొలాల్లో కలప కోసం వరసగా నాటిన స్ప్రూస్ చెట్ల మీద పెద్ద గొడవే నడుస్తోంది. మనుషులుండాల్సిన చోట చీకటి అడవులు పెంచుతున్నారని ఊళ్లవాళ్ల కోపం. ఫొటోలో పచ్చగా కనిపించేదంతా వాళ్లకి పచ్చదనం కాదు.

వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు

వీసా: ఐర్లండ్ షెంగెన్‌లో లేదు, షెంగెన్ వీసా పనికిరాదు. ఇంకో ముఖ్యమైన సంగతి, లీట్రిమ్ ఉత్తర ఐర్లండ్‌ని ఆనుకుని ఉంటుంది. సరిహద్దులో గేటు ఉండదు, పోలీసు ఉండడు. రోడ్డు బోర్డుల మీద కిలోమీటర్లు మైళ్లుగా మారితే యూకేలోకి వచ్చేశారని అర్థం. ఎవరూ ఆపకపోయినా రూల్ రూలే. ఐర్లండ్ స్టూడెంట్ పర్మిషన్ అక్కడ చెల్లదు, యూకే వీసా కావాలి. గూగుల్ మ్యాప్ షార్ట్‌కట్ చూపిస్తే గుడ్డిగా తిరిగేయకండి.

బస్సులు: తక్కువ. ఆదివారం మరీ తక్కువ. తిరుగు బస్సు టైం చూసుకున్నాకే ఎక్కండి. స్టాప్‌లో ఉన్నా చెయ్యి ఎత్తి ఆపాలి.

సామాను: రెయిన్ జాకెట్, నీళ్లకి తట్టుకునే బూట్లు. గొడుగు పెట్టుకున్నా గాలి దాన్ని ఉంచదు.

మర్యాద: పల్లె రోడ్డు మీద ఎదురొచ్చే డ్రైవరు స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తుతాడు. అది పలకరింపు. మీరూ చెయ్యి ఊపండి. పొలం గేటు తీస్తే మళ్లీ వేసేయండి, గొర్రెలుంటాయి.

చివరగా, డబ్లిన్‌లో ప్యాక్ చేయించుకున్న శాండ్‌విచ్‌లతో వెళ్లి, ఫొటోలు దిగి, సాయంత్రం రైలుకి వచ్చేయకండి. ఒక రాత్రి అక్కడే ఉండండి. ఊరి కొట్లో టీ తాగండి, బ్రెడ్డు కొనండి. 35 వేల మంది ఉన్న చోట ఒక కొట్టు మూతపడితే తర్వాతి కొట్టు పక్క ఊళ్లో ఉంటుంది. మీరు ఖర్చు పెట్టే పది యూరోలు డబ్లిన్‌లో ఎవరికీ తెలియవు. ఇక్కడ కౌంటర్ వెనక ఉన్న పెద్దావిడకి తెలుస్తాయి. మీదే ఊరని ఎలాగూ అడుగుతుంది, తీరిగ్గా చెప్పండి.