ఆసుపత్రి పక్కనే, వైద్యమే దూరం

1981లో వచ్చిన ‘ప్రేమాభిషేకం’లో హీరోకు క్యాన్సర్. తెలుగు సినిమా ఈ జబ్బుతో ప్రేక్షకులను బాగానే ఏడిపించింది. స్టూడియోలు ఊడ్చి, జూబ్లీహిల్స్ బంగళాల్లో అంట్లు తోమే ఆడవాళ్ల క్యాన్సర్ మాత్రం కథ కాలేదు. ఈ పనుల్లో దళిత, వెనుకబడిన కులాల స్త్రీలే ఎక్కువ. ఫిల్మ్‌నగర్ కొండవాలు బస్తీలు వాళ్లవి.

కెనడాలోని నునావుట్‌లో ఉండే ఇన్యూట్ ఆదివాసులు రేడియేషన్ కోసం విమానమెక్కి ఒట్టావా, విన్నిపెగ్ వంటి నగరాలకు పోవాలి. వారాల తరబడి ఇంటికి, సొంత భాషకు దూరంగా ఉండాలి. అక్కడి ప్రభుత్వం దూరాన్ని కారణంగా చూపగలదు. ఫిల్మ్‌నగర్‌లో ఆ సాకు కూడా లేదు. జూబ్లీహిల్స్‌లోనే అపోలో ఉంది. ఎన్టీఆర్ భార్య పేరిట 2000లో ప్రారంభమైన బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి పక్కనే బంజారాహిల్స్‌లో ఉంది. 1955 నుంచి పేదలకు ఆధారమైన ప్రభుత్వ ఎంఎన్‌జే ఆసుపత్రి రెడ్‌హిల్స్‌లో ఉంది. మరి అడ్డం ఎక్కడుంది?

మొదటి అడ్డం పరీక్ష దగ్గరే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం, దేశంలో 30–49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు 1.9 శాతమే. తెలంగాణలో 2023 మార్చి 8న ‘ఆరోగ్య మహిళ’ క్లినిక్‌లు మొదలయ్యాయి. ఈ పరీక్షలకు పెట్టిన రోజు మంగళవారం. ఇళ్లలో పనిచేసే మనిషికి మంగళవారం పని రోజు. నాగా పెడితే జీతం కోత, రెండుసార్లు పెడితే ఆ ఇల్లే పోవచ్చు.

రెండోది కూలి. ఈ క్యాన్సర్‌కు రేడియేషన్ సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు ఇస్తారు. తెలంగాణ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో ఐదు లక్షల నుంచి పది లక్షలకు పెంచారు. మంచిదే. కానీ ఆ డబ్బు ఆసుపత్రికి పోతుంది. ఐదు వారాల కూలి ఎవరిస్తారు? తోడు వచ్చే కూతురి చదువు ఏమవుతుంది? 2025 ఆగస్టులో వేతనాల పెంపు కోసం సమ్మె చేసిన సినీ కార్మికులకు కనీసం యూనియన్ ఉంది. వాళ్ల ఇళ్లు తుడిచే మనిషికి అదీ లేదు.

మూడోది కార్డు. రేషన్ కార్డు సొంతూరిలో, ఆంధ్ర జిల్లాలో ఉండిపోయిన వాళ్లకు తెలంగాణ పథకం అందదు. కార్డున్నా, 2025 సెప్టెంబరులో జరిగినట్టు బకాయిల కోసం ప్రైవేటు ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేస్తే, ముందుగా ఆగేది పేదల చికిత్సే.

ఈ మూడూ కలిస్తే వచ్చే ఫలితం ఆలస్యం. ముదిరిన తర్వాత వచ్చిన రోగిని చూసి ‘అవగాహన లేదు’ అనడం తేలిక. మేము దాన్ని ఒప్పుకోం. రోజు కూలి పోగొట్టుకోలేని మనిషి నొప్పిని వాయిదా వేయడం అజ్ఞానం కాదు, లెక్క. దళిత స్త్రీలు ఆధిపత్య కులాల స్త్రీల కంటే సగటున 14.6 ఏళ్లు ముందే చనిపోతున్నారని 2018లో ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం నివేదిక చెప్పింది. ఆ ఏళ్లు ఇలాంటి వాయిదాల్లోనే కరిగిపోతాయి.

క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికల్లో వయసు ఉంటుంది, లింగం ఉంటుంది, ఏ అవయవమో ఉంటుంది. కులం ఉండదు. 2024లో కులాల సర్వే చేసి ఎస్సీలు 17.43 శాతమని తేల్చిన రాష్ట్రానికి, వాళ్లలో ఎంతమందికి ఏ దశలో క్యాన్సర్ బయటపడుతోందో తేల్చడం కష్టమేమీ కాదు.

అందుకే మనం అడగాల్సినవి స్పష్టంగా ఉన్నాయి. బస్తీ దవాఖానాల్లో ఆదివారం, సాయంత్రం పరీక్షలు పెట్టాలి. చికిత్స రోజులకు కూలి భృతి ఇవ్వాలి. కార్డు ఏ రాష్ట్రానిదైనా వైద్యం ఆగకూడదు. రోగుల వివరాలను కులాల వారీగా, పేర్లు బయటపెట్టకుండా ప్రచురించాలి. విద్యార్థి సంఘాలు ఒక్క బస్తీలో ఇంటింటికీ తిరిగి, ఎవరు ఎప్పుడు పరీక్ష చేయించుకున్నారో రాసుకొచ్చినా ఈ పని మొదలైనట్టే.