సాయం బిల్లు రేకపల్లికి వచ్చింది

యుక్రెయిన్‌కి అమెరికా ఆయుధాలు ఆగిన ప్రతిసారీ మన మిత్రులు ఫేస్‌బుక్‌లో ఒకటే బాధ. "స్నేహితుడై ఉండి ఇలా చేస్తాడా?" 2024 ఏప్రిల్‌లో 6,100 కోట్ల డాలర్ల ప్యాకేజీ నెలల తరబడి నాని నాని బయటపడింది. ఏడాది తిరిగాక, 2025 ఏప్రిల్ 30న ఖనిజాల ఒప్పందం మీద సంతకాలయ్యాయి. దీన్నంతా ట్రంప్ తిక్క ఖాతాలో వేసేసి చేతులు దులుపుకునేవాళ్లతోనే నా పేచీ. ఆలస్యాన్ని తప్పుపడుతున్నారు సరే, టైముకి అందిన సాయం ఎంతకి పడుతుందో ఎప్పుడైనా లెక్క చూశారా?

మన దగ్గరే చూడొచ్చు. 1790లో టిప్పు మీదికి కంపెనీతో కలిసి వెళ్లినవాడు నిజాం అలీ ఖాన్. 1795 మార్చిలో ఖర్దా దగ్గర మరాఠాలు మీదపడితే, గవర్నర్ జనరల్ జాన్ షోర్ మాకు సంబంధం లేదన్నాడు. నిజాం దగ్గరే ఉన్న కంపెనీ పటాలాలు రెండూ ఆ యుద్ధంలోకి దిగలేదు. నిజాం చిత్తుగా ఓడాడు. ఒళ్లు మండి ఆ పటాలాల్ని పంపించేశాడు, ఫ్రెంచి రేమండ్ సైన్యాన్ని పెంచుకున్నాడు. కోపం న్యాయమే. కానీ ఓడినవాడి కోపానికి ఎంత విలువ?

1798 సెప్టెంబర్ 1న వెల్లస్లీ "సాయం" ఇచ్చాడు. ఆరు పటాలాలు, ఏడాదికి 24 లక్షల పైచిలుకు రూపాయలు. అక్టోబర్ కల్లా ఫ్రెంచి దళం చేతుల్లో ఆయుధాల్లేవు. 1800లో సైన్యం ఖర్చుకింద కడప, బళ్లారి పోయాయి. దత్త మండలాలు అన్నారు వాటిని, ఎవరో ముద్దుగా దత్తత ఇచ్చినట్టు! తర్వాత హైదరాబాద్ కంటింజెంట్ అని ఇంకో సైన్యం, దాని జీతాల బకాయిలు, వాటికింద 1853లో పత్తి పండే బేరారు.

1860లో లెక్కలు సర్దుకున్నారు. 1857లో అండగా నిలిచినందుకు నిజాంకి అప్పు మాఫీ, రాయచూరు వాపసు. బదులుగా గోదావరి ఎడమగట్టు కంపెనీ వారసులకి: భద్రాచలం, రేకపల్లి, చర్ల, నూగూరు. నదిమీద పడవలు నడపాలని వాళ్ల ఆశ. రాముడి గుడి కూడా ఆ బేరంలోనే వెళ్లింది. పోడు కొట్టుకునే కోయల్ని, కొండరెడ్లని అడిగిందెవరు? మొదట సెంట్రల్ ప్రావిన్సెస్, 1874లో భద్రాచలం, రేకపల్లి మద్రాసు కింద గోదావరి జిల్లాలోకి. మద్రాసు రాగానే పోడు మీద పన్ను పెరిగింది, కొన్నిచోట్ల అడవి మూతపడింది. 1879లో రంప పితూరీ రేకపల్లికి పాకిందంటే ఊరికే కాదు. పితూరీని పోలీసుల దౌర్జన్యం, కల్లు పన్ను కథగానే చెప్పుకుని ఆగిపోతాం; ఈ ఒప్పందాల దాకా వెళ్లం.

ఇదంతా పాత సంగతి కదా అనొద్దు. 1959లో ఆ తాలూకాని ఖమ్మంలో కలిపారు. 2014లో పోలవరం కోసం రేకపల్లి ఉన్న వరరామచంద్రపురంతో సహా ఏడు మండలాలు ఆంధ్రకి పోయాయి. ఇవాళ భద్రాచలం ఊరి చివర నాలుగడుగులు వేస్తే ఎటపాక, వేరే రాష్ట్రం. గుడి తెలంగాణలో, గుడి భూములు పురుషోత్తపట్నంలో. దేవుడికే పొలం పక్క రాష్ట్రంలో ఉంది. మునిగే ఊళ్ల కోయలు పునరావాసం కాగితాలు పట్టుకుని ఏ కలెక్టరేట్ మెట్లెక్కాలో కనుక్కుంటున్నారు.

కాబట్టి "సాయం ఎందుకు ఆలస్యమైంది" అని కన్నీళ్లు పెట్టుకునే ముందు, ఆ ఖనిజాల కాగితంలో రాసిన నేల కింద ఎవరి ఊళ్లున్నాయో ఒకసారి మ్యాపులో వెతకండి.