షౌక్ ఉంటే పాత ఎస్టీమ్ కొనివ్వండి

పిల్లోడికి కార్ల పిచ్చి ఉందని తెలిస్తే మన ఇళ్లల్లో రెండే జవాబులు. ‘ఫుజూల్ ఖర్చు, ముందు నౌకరీ చూస్కో’ అంటారు అబ్బా. లేదంటే అమ్మీ సిఫారసు మీద కిస్తుల్లో కొత్త కారు. మొదటి జవాబుతో షౌక్ చావదు. అర్ధరాత్రి దాటాక దోస్తు కారులో ఔటర్ రింగ్ రోడ్డెక్కుతుంది. రెండో జవాబుతో సొంత కారులోనే ఎక్కుతుంది. తెల్లారి మార్చురీ బయట గోడకి ఆనుకుని నిలబడే తండ్రుల్ని నా నౌకరీలో చాలామందిని చూశాను.

మూడో జవాబు ఉంది. ట్రాక్ డే. ఇది రేసు కాదు. మూసిన సర్క్యూట్‌లో ఫీజు కట్టి, హెల్మెట్ పెట్టుకుని, సొంత బండిని దాని హద్దు దాకా నడిపి చూసుకునే రోజు. ఎదురుగా లారీ రాదు, బిడ్డని ముందు నిలబెట్టుకున్న స్కూటీ రాదు. దీనికి కొత్త కారు దండగ.

నన్నడిగితే మారుతి ఎస్టీమ్. 1999 నుంచి వచ్చిన పదహారు వాల్వుల ఇంజన్‌ది. 85 హార్స్ పవరేనా అని కుర్రాళ్లు నవ్వుతారు. బరువు చూడండి మియా, తొమ్మిది వందల కిలోల లోపే. తేలిక బండి బ్రేకుల్నీ టైర్లనీ తక్కువ తింటుంది, మలుపులో మాట వింటుంది. శ్రీపెరుంబుదూర్, కోయంబత్తూరు ట్రాకుల మీద ఏళ్ల తరబడి రేసుల్లో పరిగెత్తింది కాబట్టి దీని మిజాజ్ తెలిసిన మిస్త్రీలు ఇంకా ఉన్నారు. ఇదే ఖాందాన్ ఇంజన్ జిప్సీలోనూ 2005 స్విఫ్ట్‌లోనూ ఉంది. 2000లో వచ్చిన హోండా సిటీ వీటెక్ ఇంతకంటే జోరే, 106 హార్స్ పవర్. కానీ దాని పేరు వినగానే అమ్మేవాడు రేటు పెంచేస్తాడు.

పెయింట్ మెరుపుకి ఫిదా కావద్దు. తివాచీ ఎత్తి ఫ్లోర్ చూడండి, బానెట్ ఎత్తి సస్పెన్షన్ పైన బిగించిన చోట తుప్పు చూడండి. సముద్రపు గాలి తిన్న విశాఖ బండి కంటే ఎండకి పెయింట్ పోయిన అనంతపురం బండి నయం. ఇంజన్ బాగు చేయించొచ్చు, కుళ్లిన బాడీకి ఇలాజ్ లేదు. రేడియేటర్ నీళ్లలో నూనె జిడ్డు కనిపిస్తే సలామ్ చెప్పి వచ్చేయండి. టైమింగ్ బెల్ట్ మార్చామని ఎంత ఖసమ్ తిన్నా మళ్లీ మార్పించండి.

ఇక అసలు గొడవ పైసల దగ్గర. మనవాళ్లు ముందు సైలెన్సర్ కొంటారు. మొహల్లా అంతా లేవాలి కదా! ముందు కొనాల్సినవి మంచి టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఆయిల్. పాత ఆయిల్ నీటి తేమ పీల్చుకుని ఉంటుంది. నాలుగు రౌండ్లు గట్టిగా కొడితే మరిగిపోతుంది, పెడల్ నేలకి అంటుకుంటుంది. తర్వాత ఒళ్లు కదలనివ్వని సీటు, మంచి బెల్టు, రేడియేటర్. ఇంజన్ పవర్ ఆఖరున. ఎస్టీమ్‌లో ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు, ఈ లెక్క తప్పితే మాఫీ లేదు. లోపల ఇనుప రోల్ కేజ్ బిగిస్తే ఆ బండిని రోడ్డు మీద నడపొద్దు. హెల్మెట్ లేని తలకి ఆ రాడ్డే దుష్మన్. ఆర్టీఏ దగ్గర పర్మిషన్ లేకుండా బండిని మార్చడం ఖానూన్ ప్రకారం నేరం కూడా. ట్రాలీ మీద తీసుకెళ్లండి.

ఎక్కడికి? అదే బాధ. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ చుట్టూ ఫార్ములా ఈ కోసం రోడ్లు మూశారు, మరుసటేడు అదీ రద్దయింది. మన కుర్రాళ్లు పాత కారు తిప్పుకోవడానికీ ఒక మంచి ట్రాక్ కావాలి కదా. నెల్లూరోళ్లకి శ్రీపెరుంబుదూర్ పక్క ఇరుంగట్టుకోట్టై ఒక పూట ప్రయాణం. హైదరాబాదోళ్లకి ఆరు వందల కిలోమీటర్ల పైనే. ఆ ట్రాలీ కిరాయి కూడా ముందే లెక్కలో వేసుకోండి. ఈద్ డబ్బులు, జీతంలో మిగిలినవి పోగేసి కొననివ్వండి, కర్జ్ చేసి వద్దు. మొదటిసారి వెళ్లేటప్పుడు అబ్బాని కూడా తీసుకెళ్లండి, నీడ చూసి కుర్చీ వేయండి.