పాలసీసాలో జావ కలుపవచ్చునా?

పసిబిడ్డ రాత్రివేళ రెండుమూడుమార్లు మేల్కొని ఏడ్చినచో పెద్దలు మొట్టమొదట పలుకుమాట "పాలు చాలుటలేదు" అని. వెంటనే రెండవమాట వచ్చును: "సీసాలో కొంచెము రాగిపిండియో, బియ్యపుపిండియో కాచి కలిపి త్రాగించుము. తెల్లవారువరకు కదలక నిదురించును." ఢిల్లీ నగరమందును, నోయిడా, గుడ్‌గావ్, గాజియాబాద్ ప్రాంతములందును కాపురమున్న తెలుగువారి ఇండ్లకు ఈ సలహా నేడు తరచుగా టెలిఫోనులోనే వచ్చుచున్నది. అమ్మమ్మ రాజమహేంద్రవరములోనో, కరీంనగరములోనో ఉండును. బిడ్డ ఇక్కడ ఏడ్చుచుండును. ఆమె మాటలో ఉన్నది ప్రేమయే. అయినను ఆ సలహా పాటింపదగినది కాదని నా అభిప్రాయము.

ఇందులో రెండు ప్రశ్నలు ముడివడియున్నవి. ధాన్యపు ఆహారమును ఎప్పుడు మొదలిడవలెను? దేనితో పెట్టవలెను? మొదటిదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థయు, మన ఆరోగ్య మంత్రిత్వశాఖయు ఒక్కటే సమాధానము చెప్పుచున్నవి: ఆరునెలలు నిండువరకు తల్లిపాలు మాత్రమే. ఢిల్లీలోని మే, జూన్ ఎండలలో సైతము చనుబాలు త్రాగు బిడ్డకు వేరుగా నీరు అక్కరలేదు. పిండిపదార్థమును జీర్ణముచేయుటకు క్లోమమునుండి రావలసిన రసము తొలినెలలలో మిక్కిలి స్వల్పముగా ఊరును. బిడ్డ కడుపు చిన్నది. జావతో నింపినచో ఆ మేరకు పాలు తగ్గును. పాలలోని క్రొవ్వును, మాంసకృత్తులును, రోగనిరోధక పదార్థములును జావలో దొరకవు. బిడ్డ బొద్దుగా కనబడవచ్చును గాని, బొద్దుతనమే ఆరోగ్యము కాదు.

నిదుర సంగతి చూతము. 1989లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ వైద్యులు 106 మంది శిశువులను పరీక్షించిరి. కొందరికి ఐదవవారమునుండియు, కొందరికి నాలుగవనెలనుండియు పడుకొనుటకు ముందు సీసాలో బియ్యపుపిండి కలిపి ఇచ్చిరి. నిదురలో చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. నిష్పక్షపాతముగా చెప్పవలెనన్న, 2018లో ప్రకటితమైన ఇంగ్లండు, వేల్సు దేశముల పరిశోధనలో మూడవనెలనుండి ఘనాహారము రుచిచూచిన బిడ్డలు ఆరవనెల నాటికి రాత్రికి సుమారు 16 నిమిషములు ఎక్కువ నిదురించిరి. అయితే అచట పరీక్షించినది ఘనాహారమును. సీసాలో కలిపిన పిండిని కాదు. పైగా పదహారు నిమిషములతో ఏ తల్లి అలసట తీరును? పసిబిడ్డ మేల్కొనుట అన్నివేళల ఆకలిచేతనే కాదు.

ఇక సీసా. నా దృష్టిలో అసలు అపాయము ఇక్కడనే ఉన్నది. చిక్కనిపాలు రబ్బరు తిత్తినుండి దిగవు. అప్పుడు సూదిని కాల్చి రంధ్రము పెద్దదిచేయుదురు, లేదా బ్లేడుతో కోయుదురు. దానితో ద్రవము ధారకట్టి గొంతులోనికి దూకును. నిదురమత్తులోనున్న బిడ్డకు పొరబోయి ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. చాలునని ముఖము త్రిప్పుకొను అవకాశమును కూడ దానికి మిగులదు. సీసా మెడలోను, తిత్తి మడతలలోను అంటుకొన్న పిండి ఎంత కడిగినను పూర్తిగా వదలదు. వేసవిలో అందు క్రిములు పెరుగుటకు అట్టే కాలము పట్టదు, ఆపై విరేచనములు. పండ్లు వచ్చిన బిడ్డ నోటిలో సీసాతోనే నిదురించినచో ఆ పండ్లు పుచ్చును.

మన పూర్వులకు ఉగ్గుగిన్నె ఉండెడిది. అందులో పోసిన ఆముదమును, వసకొమ్మును నేడు ఎవరును సమర్థింపరు, నేనును సమర్థింపను. గిన్నె మాత్రము మంచిది. మూలలు లేవు, మడతలు లేవు, మరిగించిన శుభ్రపడును. తల్లి పిండియిచ్చిన పాలను చంటిబిడ్డకు పట్టుటకు నేటి ఆసుపత్రులలో వాడు పలాడై అనునది దాదాపు ఆ ఉగ్గుగిన్నెయే. ఆరవనెలలో చేయు అన్నప్రాశనమునందును పాయసము వ్రేలితోనో చెంచాతోనో నాకించెదరు గాని సీసాతో త్రాగింపరు.

ఆరునెలలు దాటిన పిమ్మట జరుగుచున్న పొరపాటు దీనికి తలక్రిందులైనది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశములో ఆరునెలలలోపు బిడ్డలలో 63.7 శాతము కేవలము తల్లిపాలతో పెరుగుచుండిరి. ఇది సంతోషింపదగినదే. కాని 6-8 నెలల బిడ్డలలో తల్లిపాలతోబాటు ఘనాహారము అందినది 45.9 శాతమునకే, 6-23 నెలలవారిలో తగిన ఆహారము దొరకినది 11.3 శాతమునకే. ముందు తొందర, వెనుక జాగు! పప్పునీరు, గంజినీరు పట్టి ఆహారము పెట్టితిమనుకొనుట మన ప్రాంతములందును, ఉత్తరాదియందును సమానమే. పెట్టునది చెంచానుండి జారిపోనంత చిక్కగా ఉండవలెను. మెత్తగా చిదిమిన పప్పన్నము, నేయి, గ్రుడ్డు, అరటిపండు, మొలకగట్టిన రాగులపిండి జావ - ఇవన్నియు సాధారణ గృహములలో సాధ్యములే. గోధుమలు, శనగపప్పు, వేరుశనగలు, బెల్లముతో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారు రూపొందించిన మిశ్రమమును ఢిల్లీ వంటయింటిలోను చేసికొనవచ్చును.

ఇందు మా అనువాదకుల పాలును కొంత కలదు. పాశ్చాత్య గ్రంథములలోని మాటను "పాలు మాన్పించు ఆహారము" అని తెనిగించిన కాలమొకటి కలదు. పాలు మాన్పవలెనని ఎవరు చెప్పిరి? రెండేండ్లు, అటుపైనను తల్లిపాలకు తోడుగా నడువవలసిన ఆహారమది. "అనుబంధాహారము" అనుట మేలు.

ఉద్యోగమునకు పోవు తల్లి సంగతి ఏమని అడుగవచ్చును. ప్రసూతి చట్టమునకు 2017లో జరిగిన సవరణ 26 వారముల సెలవు నిచ్చినది. అది ఇంచుమించు ఆరునెలలు. కార్యాలయములలోని స్త్రీకి ఇది అక్కరకు వచ్చును. కట్టడములవద్ద ఇటుకలు మోయు తల్లికి అది దక్కుట అరుదు. ఆమెకు బోధించుటకంటె నీడపట్టును, పాలిచ్చు విరామమును కల్పించుట యజమానుల విధి. పిండి, మూతగల శుభ్రమైన పాత్రలో ఫ్రిజ్‌నందుంచిన పాలు 24 గంటలు నిలుచును. వాటిని గిన్నెతో ఇంటివారెవరైనను పట్టవచ్చును.

పాలు నిజముగా చాలుచున్నవో లేదో ఏడుపునుబట్టి తేల్చరాదు. దినమునకు ఆరుమార్లయినను మూత్రము పోయుచు, రక్షణకార్డులోని బరువుగీత పైకి ప్రాకుచున్నచో చాలుచున్నవని గ్రహింపవలెను. సందేహమున్న తల్లులు ఆశా కార్యకర్తనుగాని, ఆసుపత్రినిగాని అడుగవచ్చును. ఢిల్లీలోని లేడీ హార్డింజ్ వైద్యకళాశాలలో 2017లో నెలకొల్పిన వాత్సల్య మాతృ అమృత కోశము తల్లిపాల నిధి మాత్రమే కాదు, పాలిచ్చు తల్లులకు సలహాకేంద్రము కూడ.

ఒక మినహాయింపు కలదు. మ్రింగుటలో దోషమున్న బిడ్డలకును, త్రాగినదంతయు కక్కుచు బరువు పెరుగని కొందరికిని పాలు చిక్కబరచుమని వైద్యుడే చెప్పవచ్చును. అట్టి బిడ్డ విషయమున ఏమి కలుపవలెనో, ఎంత కలుపవలెనో, ఎన్నాళ్ళు కలుపవలెనో, తిత్తి రంధ్రమెంత ఉండవలెనో ఆ వైద్యునే అడిగి వ్రాసికొనవలెను.