ఆదివారం విద్యార్థి కూడా విద్యార్థే

దూరవిద్య అనగానే కొందరికి చిన్నచూపు. "ఏముందండీ, పుస్తకాలు ఇంటికొస్తాయి, పరీక్ష రాసేస్తారు, ప్రమోషనుకో కాగితం దొరుకుతుంది" అంటారు. ఈ మాట అన్యాయమని నా అభిప్రాయం.

తెలుగునాట ఈ చదువు నిన్నమొన్నటిది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లోనే కరెస్పాండెన్సు కోర్సులు ప్రారంభించింది. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలసింది. భారతదేశంలో అటువంటిది అదే మొదటిది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంటర్మీడియట్ చదవని వారిని కూడా అర్హత పరీక్ష ద్వారా డిగ్రీలోకి రానిచ్చిన ఘనత దానిది. తలుపులైతే తెరుచుకున్నాయి. కాని తలుపు తీయడం వేరు, లోపలికి వచ్చినవారిని కూర్చోబెట్టి పలకరించడం వేరు!

ఆ వచ్చేదెవరు? డ్యూటీ దిగి పుస్తకం పట్టే బస్సు కండక్టరు, పెళ్లితో చదువాగిపోయిన ఇల్లాలు, కొట్లో గుమాస్తా. రాత్రి పదింటికి అర్థశాస్త్రంలో డిమాండు వ్యాకోచత్వం దగ్గర బండి ఆగిపోతే వాళ్లు ఎవర్నడగాలి? మనకైతే పక్క బెంచీ ఉంది, హాస్టలు గది ఉంది, వరండాలో ఎదురుపడే మాస్టారున్నారు. వాళ్లకు గోడే దిక్కు. సెల్‌ఫోనులో వీడియో పాఠాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి, మంచిదే. కాని వీడియో తన దోవన తాను చెప్పుకుపోతుందే గాని, "నీకెక్కడ అర్థం కాలేదమ్మా?" అని అడగదు.

అడగవలసినవి రెండే చోట్లు. ఒకటి అసైన్‌మెంటు. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చాలా కోర్సులకు దీనికి 30 శాతం వెయిటేజి ఉంది. అయితే అసలు విలువ మార్కులో లేదు, మార్జినులో మాస్టారు రాసే రెండు ముక్కల్లో ఉంది. ఉత్త మార్కు వేసి పంపినా, పరీక్షలయ్యాక పంపినా ఏం లాభం? రెండోది కాంటాక్టు క్లాసు. ఆ కాస్త వ్యవధిలో పుస్తకంలో ఉన్నదే మళ్లీ అప్పజెబితే అంతదూరం నుంచి వచ్చినవారికి బస్సుచార్జీలు దండగ. అక్కడ జరగవలసింది ఉపన్యాసం కాదు, సందేహనివృత్తి.

ఈ స్టడీ సెంటర్లు చాలావరకు మనవంటి డిగ్రీ కాలేజీల్లోనే నడుస్తాయి. అంటే వారమంతా మనం కూర్చునే బెంచీలమీదే ఆదివారం వాళ్లు కూర్చుంటారు. అందుచేత యూనియన్ సోదర సోదరీమణులకు నా విన్నపం ఇది: కాంటాక్టు క్లాసులు జరిగే ఆదివారాల్లో లైబ్రరీ తెరిపించమని ప్రిన్సిపాలుగారిని అడుగుదాం. ఫైనలియరు వాళ్లం వంతులేసుకుని ఒక గంటసేపు అక్కడుండి, వచ్చినవారి సందేహాలు విందాం. తెలిసింది చెబుదాం, తెలియనిది సోమవారం మాస్టార్లనడిగి ఫోను చేసి చెబుదాం. ఖర్చు లేని పని. పైగా ఒకరికి చెబితేనే గదా మనకెంత వచ్చో తేలేది!

చదువు దూరంగా ఉండవచ్చు. చదువుకునే మనిషిని దూరంగా ఉంచడం మాత్రం మనకు తగదు.