టికెట్ గిట్టుబాటు లెక్క వద్దు

పుట్టినరోజున దంపతులిద్దరే నాయుడుపేట నుంచి చెన్నై వైపు థీమ్ పార్కుకు వెళ్తున్నారా? మంచిదే. కానీ ‘టికెట్ కొన్నాం, అన్నీ ఎక్కాల్సిందే’ అన్న లెక్క ఇంట్లోనే వదిలేయండి. బీపీ అదుపులో లేనివారు, గుండెజబ్బు, మెడ, నడుము సమస్యలున్నవారు, గర్భిణులు రోలర్ కోస్టర్ జోలికి పోకూడదు. తను వద్దంటే ‘భయమా?’ అని ఎగతాళి చేయకండి. కళ్లు చెప్పేదీ లోపలి చెవి చెప్పేదీ పొసగకే గిరగిర తిరిగినప్పుడు వికారం పుడుతుంది. భోంచేసిన వెంటనే ఎక్కకండి.

నాలుగు రైడ్లు చాలు. నీడలో కూర్చుని, నీళ్లు తాగుతూ కబుర్లాడుకోండి. ఇంటి పనులు, ఫోన్లు లేని ఆ గంటే అసలు కానుక. తిరుగు ప్రయాణం వంద కిలోమీటర్లు దాటుతుంది, పొద్దుండగానే బయల్దేరండి. నిద్రమత్తులో స్టీరింగ్ పట్టడం ఏ రైడ్ కన్నా ప్రమాదమే.